టి మాత్ర, సల్ఫా మాత్ర: మందు పడక ఒళ్ళు పొక్కిన చరిత్ర



మన ఇళ్ళల్లో ఎవరికైనా జ్వరంతో పాటు ఒంటిమీద పొక్కులు లేస్తే ముందు వచ్చే మాట "అమ్మవారు". పక్కింటి తమిళవాళ్ళూ అదే అంటారు, "అమ్మై పోట్టిరుక్కు" అని. వాకిట్లో వేపాకు కడతాం, తాలింపు మానేస్తాం, బయటివాళ్ళను లోపలికి రానివ్వం. అమ్మవారు కాదని తేలితే రెండో మాట "వేడి చేసింది". మూడో మాట గుసగుసగా వస్తుంది, అది చెప్పుకోలేని జబ్బు. ఈ మూడింటిలో ఎక్కడా "ఈ మధ్య కొత్తగా ఏ మాత్ర వేసుకున్నావు?" అనే ప్రశ్న లేదు. ఆ ప్రశ్న డాక్టర్ల లోకంలోకి ఎలా వచ్చింది, మన మద్రాసుకు దానితో ఏం సంబంధం అన్నది ఈసారి రాస్తున్నాం.

ముందే ఒక మాట. మేము చదివిందంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నాయన పలక మీద దిద్దించినవి. అందుకని డాక్టర్ల మాటలకు పుస్తకాల తెలుగు పెట్టకుండా, మన ఇళ్ళల్లో అర్థమయ్యేట్టుగానే రాస్తాం. పొడుగు ఎక్కువైతే రెండు విడతలుగా చదువుకోండి.

మందు వల్ల చర్మం చెడుతుందని వైద్యులు కనిపెట్టి నూరేళ్ళు దాటింది. 1880లలో యాంటిపైరిన్ అని ఒక జ్వరం మందు వచ్చింది. చెట్టు నుంచి కాకుండా కెమిస్ట్రీ గదిలో తయారైన తొలి మందుల్లో అదొకటి. అది వేసుకున్న కొందరికి ఒంటిమీద ఒకేచోట గుండ్రంగా ఎర్రమచ్చ లేచి, తర్వాత నల్లబడేది. మళ్ళీ ఆ మందే వేసుకుంటే మళ్ళీ అదే చోట, అదే సైజులో లేచేది. 1894లో ఫ్రాన్సులో బ్రోక్ అనే చర్మవైద్యుడు దీన్ని విడిగా వర్ణించి, "స్థిరంగా ఒకేచోట వచ్చే మచ్చ" అన్న అర్థంలో పేరు పెట్టాడు. ఈరోజుకీ ఆ పేరే.

ఇది ప్రాణం తీసేది కాదు. కానీ మన కుటుంబాల్లో ఇది చేసిన అల్లరి తక్కువ కాదు. ఎందుకంటే ఆ మచ్చ తరచు పెదవుల మీద, మర్మస్థానంలో వస్తుంది. మొగుడు ఊరికి పోయి వచ్చాక పుండు కనిపిస్తే పెళ్ళాం ఏమనుకుంటుంది? అది చెప్పుకోలేని జబ్బే అని. ఆఫీసులో మాతో పనిచేసిన ఒకాయనకు ఇలాగే మూడేళ్ళు నడిచింది. ఇంట్లో మాటలు లేవు. చివరికి ఒక చర్మం డాక్టరు, కడుపు నొప్పికి ఆయన అప్పుడప్పుడు తానుగా కొని వేసుకునే మాత్రే కారణమని తేల్చింది. మాత్ర ఆగింది, పుండు ఆగింది. ఆ మూడేళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ప్రాణం తీసే రకం వేరే ఉంది. 1922లో అమెరికాలో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు వైద్యులు ఇద్దరు మగపిల్లల గురించి రాశారు. ఒకడికి ఏడేళ్ళు, ఇంకొకడికి ఎనిమిది. తీవ్రమైన జ్వరం, ఒంటినిండా మచ్చలు, నోరంతా పుండ్లు, కళ్ళు చీముపట్టి చెడిపోవడం. అది కొత్త జబ్బు అనుకున్నారు, మందు మీద అనుమానం పెట్టలేదు. వాళ్ళ పేర్ల మీదే దాన్ని ఇప్పటికీ స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటున్నారు. తర్వాత 1956లో స్కాట్లండ్‌లో పనిచేసే ఎలన్ లయెల్ అనే చర్మవైద్యుడు నలుగురు రోగుల గురించి రాశాడు. వాళ్ళ చర్మం మరిగే నీళ్ళు పడినట్టు పెద్దపెద్ద పొరలుగా ఊడింది. ఈ రెండూ ఒకే జబ్బులో చిన్నదీ పెద్దదీ అని ఇప్పుడు వైద్యులు లెక్క వేస్తారు. ఒంట్లో నూటికి పది పాళ్ళ లోపు చర్మం ఊడితే మొదటిది, ముప్పై దాటితే రెండోది, నడుమ ఉంటే రెండూ కలిసినది. పెద్దవాళ్ళలో ఎక్కువ కేసులకు కారణం మందే. లక్షల మందిలో ఒకరికి వచ్చేది, కానీ పెద్ద రకం వస్తే ముగ్గురిలో ఒకరు దాకా పోతారు. బతికినవాళ్ళలోనూ కొందరికి చూపు పాడవుతుంది.

1922కూ 1956కూ మధ్యలో ఏం జరిగింది? మందుల పెట్టె నిండింది. ఆ పెట్టె నింపినవాళ్ళలో పెద్దవాడు జర్మనీ వైద్యుడు గెర్హార్డ్ డోమాక్. ఎర్రరంగు అద్దకం నుంచి పుట్టిన ప్రోంటోసిల్ అనే మందు ఎలుకల్లో సూక్ష్మక్రిములను చంపుతోందని 1932లో చూసి, 1935లో ప్రచురించాడు. సూది గుచ్చుకుని చెయ్యి చెడిన సొంత కూతురికి ఆ మందే ఇచ్చి చెయ్యి తీసేయకుండా కాపాడుకున్నాడు. సల్ఫా మందుల వంశానికి అదే మూలం. మన పెద్దలు "ఎం అండ్ బి" అని చెప్పే మాత్ర ఆ వంశానిదే. 1943లో చర్చిల్‌కు న్యుమోనియా వస్తే ఇచ్చింది కూడా దాన్నే. డోమాక్‌కు 1939లో నోబెల్ ప్రకటించారు, హిట్లర్ ప్రభుత్వం తీసుకోనివ్వలేదు. యుద్ధం అయ్యాక 1947లో పతకం అందుకున్నాడు, డబ్బు మాత్రం ఇవ్వలేదు.

సల్ఫా ఎంతమందిని బతికించిందో లెక్కలేదు. పెన్సిలిన్ అందరికీ దొరకని కాలంలో అదే దిక్కు. అదే సల్ఫా, ఒళ్ళు ఊడే జబ్బుకు కారణమయ్యే మందుల పట్టికలో ఇప్పటికీ పైవరసలో ఉంది. మలేరియాకు వాడే ఫాన్సిడార్‌లో ఉన్నదీ సల్ఫానే. 1980లలో మలేరియా రాకుండా ముందుజాగ్రత్తగా దాన్ని వేసుకున్న అమెరికా యాత్రికుల్లో కొందరు ఇలా చనిపోతే, అక్కడి ప్రభుత్వం 1985లో ఆ వాడకాన్ని తగ్గించింది. రైల్వే హెల్త్ యూనిట్‌లో దగ్గుకూ, నీళ్ళ విరేచనాలకూ, మూత్రంలో మంటకూ ఇచ్చిన సెప్ట్రాన్‌లో ఎక్కువ పాలు సల్ఫానే అని మాలో ఎంతమందికి తెలుసు? తెల్ల మాత్ర ఇస్తే వేసుకున్నాం.

ఇక్కడ మద్రాసు కథ మొదలవుతుంది. డోమాక్ సల్ఫాతో ఆగలేదు. 1940లలో ఆయన బృందం క్షయకు ఇంకొక మందు తీసింది. దాని పేరు థయాసిటజోన్. మన ఆసుపత్రి చీటీల్లో "టి" అక్షరంగా ఉండేది అదే. యుద్ధంలో కూలిన జర్మనీలో వేలమంది క్షయ రోగులకు ఇచ్చారు. 1949లో ఇద్దరు అమెరికా నిపుణులు వెళ్ళి చూసి, పనిచేస్తోంది కానీ దుష్ఫలితాలు ఎక్కువ అని రాశారు. ఇంతలో స్ట్రెప్టోమైసిన్ సూది చేతికొచ్చింది, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. డబ్బున్న దేశాలు టి మాత్రను మరచిపోయాయి.

డబ్బులేని దేశాలు మరచిపోవడం కుదరలేదు. 1956లో మద్రాసు చెట్‌పట్‌లో క్షయ చికిత్స పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నాలుగూ కలిసి పెట్టింది అది. తొలి అధిపతి వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు. అప్పటిదాకా క్షయ అంటే శానటోరియం. తాంబరం పక్కన రైల్వే స్టేషను పేరే శానటోరియం కదా. డబ్బు కూడినవాళ్ళు మదనపల్లె ఆరోగ్యవరం పోయేవాళ్ళు. మంచి గాలి, పాలు, గుడ్లు, మంచం మీద విశ్రాంతి లేకుండా క్షయ తగ్గదని అందరి నమ్మకం. మద్రాసు పేటల్లోని 193 మంది పేద రోగులను రెండు భాగాలుగా చేసి, సగం మందిని శానటోరియంలో, సగం మందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగయింది. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతా శానటోరియాలు ఖాళీ అవడం మొదలైంది. మద్రాసు పేటల్లో మనవాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. ఆ 193 మందిలో తెలుగు ఇళ్ళవాళ్ళు లేకుండా ఉంటారని మేము అనుకోం. అయితే కాగితం మా చేతిలో లేదు.

ఆ పరీక్షలో ఐసోనియాజిడ్‌తో పాటు ఇచ్చింది పి.ఎ.ఎస్. అనే మందు. రోజుకు దాదాపు 10 గ్రాములు మింగాలి. కడుపు తిప్పుతుంది, ఖరీదు కూడా. ఇళ్ళకు పంపి ఏడాది మింగమంటే ఎవరు మింగుతారు? అప్పుడు డోమాక్ టి మాత్ర మళ్ళీ గుర్తుకొచ్చింది. తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ వైద్యులు మోతాదు తగ్గించి పరీక్షించారు. 300 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్, 150 మిల్లీగ్రాముల థయాసిటజోన్, రెండూ కలిపి రోజుకు ఒక్కటే మాత్ర. అంత చౌక మందు క్షయకు ఇంకోటి లేదు. మన దేశంలో బెంగుళూరు జాతీయ క్షయ సంస్థ అనంతపురం జిల్లాలో పథకాన్ని నడిపి చూసింది. 1962 నుంచి జాతీయ క్షయ పథకం జిల్లా జిల్లాకూ పోయింది. ఈ జంట మాత్ర దానితో పాటు పోయింది. దాదాపు ముప్పై ఏళ్ళు పేదవాడి క్షయ మందు అంటే అదే.

మేము ఉద్యోగంలో చేరింది ఆ కాలం చివరి భాగంలో. లీవ్ సెక్షన్‌లో కూర్చున్నవాళ్ళకు క్షయ రోగుల కాగితాలు బాగా తెలుసు. మామూలు సెలవు అయిపోయాక క్షయకూ కుష్టుకూ పొడుగు సెలవు ఇచ్చే నియమం విడిగా ఉండేది. సిక్ మెమో, ఫిట్ సర్టిఫికెట్, మధ్యలో నెలనెలా డాక్టరు చీటీ. కొన్ని చీటీల్లో "టి ఆపడమైనది" అని ఒక వరుస. ఎందుకు ఆపారో మేము అడగలేదు, అది మా పని కాదు. ఒక కలాసీ అన్న చెప్పాడు: "మాత్ర మొదలెట్టి నెల కాలేదు తమ్ముడూ, ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో అన్నం ముద్ద పెట్టలేను. ఇంట్లో అమ్మవారనుకుని పది రోజులు వేపాకు మీద పడుకోబెట్టారు. ఆ పది రోజులూ మాత్ర కూడా మింగుతానే ఉన్నా." ఆయన బతికాడు. మాత్ర ఇచ్చిన చోట, ఇలా దద్దుర్లు వస్తే ఆపి వెంటనే రమ్మని ఎవరైనా చెప్పారా అని అడిగితే, లేదన్నాడు. మాకు తెలిసిన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పినట్టు లేదు.

టి మాత్ర చర్మాన్ని చెడుపుతుందని వైద్యులకు మొదటినుంచీ తెలుసు. 1960లలో ఎన్నో దేశాల్లో ఒకేసారి పరీక్షించి, దుష్ఫలితాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయని చూశారు. తూర్పు ఆఫ్రికాలో తక్కువే, అక్కడ నిశ్చింతగా వాడొచ్చు అనుకున్నారు. 1980లలో అదే తూర్పు ఆఫ్రికాకు ఎయిడ్స్ వచ్చింది. నైరోబీలో క్షయ రోగులను గమనించిన వైద్యులు 1991లో లాన్సెట్ పత్రికలో రాసింది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. హెచ్.ఐ.వి. లేనివాళ్ళలో టి మాత్రకు చర్మం చెడింది నూటికి ఒకరికి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి. కొందరికి చర్మం పొరలుగా ఊడి ప్రాణం పోయింది. రోగి క్షయతో వచ్చాడు, మందుతో పోయాడు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు ఆ మందు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కానీ బదులు ఇవ్వవలసిన ఇతాంబ్యుటాల్ ఖరీదు ఎక్కువ. ఎవరికి హెచ్.ఐ.వి. ఉందో పరీక్ష చేయడానికీ డబ్బు కావాలి. పేద దేశాల ఖజానాకు అది తేలిగ్గా తెగే లెక్క కాలేదు.

మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది కూడా మద్రాసులోనే, 1986లో. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్ బృందం కనిపెట్టింది. అంటే టి మాత్ర ఊరూరా పంచుతున్న కాలంలోనే ఆ జబ్బు ఇక్కడికీ వచ్చి కూర్చుంది. 1990లలో కొత్త క్షయ పథకం, రిఫాంపిసిన్ మందులతో, మనిషి ఎదుట మింగించే పద్ధతితో వచ్చాక టి మాత్ర పక్కకు పోయింది.

టి మాత్రను తిట్టి వదిలేయడం మాకు ఇష్టం లేదు. ఏడాది మందు కొన్ని రూపాయలకు దొరకబట్టి బతికిన కుటుంబాలు వేలూ లక్షలూ. మా పేటలోనే ఉన్నారు. మాకు కోపం ఒక్కచోటే. దద్దుర్లు వస్తే ఆపి రా అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషానికి ఖజానా అక్కరలేదు.

కుష్టు మందు డాప్సోన్ కథా ఇలాంటిదే, టూకీగా చెప్తాం. చెంగల్పట్టులో డాక్టర్ కాక్రేన్ 1940లలో దాన్ని వాడి చూసినవాళ్ళలో ముందువరస. అది మొదలెట్టిన ఐదారు వారాలకు కొందరికి జ్వరం, దద్దుర్లు, కామెర్లు కలిసి వచ్చేవి. అలా ఎవరికి వస్తుందో చెప్పే రక్తపు గుర్తు ఒకటి చైనా వైద్యులు 2013లో కనిపెట్టారు.

అన్ని దద్దుర్లూ మందు పడక వచ్చేవి కావు, అదీ చెప్పాలి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా పోయిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో ఏనుగుకాలు జబ్బుకు హెట్రజాన్ మందు వచ్చింది. సర్కారువాళ్ళు ఇంటింటికీ వచ్చి ఇచ్చే మాత్ర అదే. అది వేసుకున్నాక కొందరికి జ్వరం, దురద వస్తాయి. ఒంట్లో పురుగులు చచ్చేటప్పుడు వచ్చే గొడవ అది. ఆ దురద చూసి పేటంతా మాత్ర మురిక్కాలవలో పారేసిన సంగతి మీలో కొందరికి గుర్తుండాలి.

ఇక ఈ కాలానికి వద్దాం. 2004లో తైవాన్ వైద్యులు ఒక పెద్ద సంగతి బయటపెట్టారు. మూర్ఛకూ, ముఖంలో నరం నొప్పికీ ఇచ్చే కార్బమజెపిన్ వల్ల స్టీవెన్స్ జాన్సన్ జబ్బు వచ్చిన 44 మందిని పరీక్షిస్తే, 44 మందికీ కణాల మీద ఒకే గుర్తు ఉంది. దాని పేరు హెచ్.ఎల్.ఎ.-బి 1502. రైల్వేవాళ్ళకు పాసు ఉదాహరణ చెప్తే తెలుస్తుంది. ప్రతి కణం మీదా మనవాడు అని చూపే ఒక పాసు ఉంటుంది, ఒంటి కాపలావాళ్ళు దాన్ని చూసి వదులుతారు. కొందరి పాసు మీద ఈ మందు అంటుకుంటే కాపలావాళ్ళకు అది దొంగపాసులా కనిపిస్తుంది, సొంత చర్మాన్నే కొడతారు. 2007లో అమెరికా ప్రభుత్వం, ఆసియా వంశంవాళ్ళకు ఈ మందు మొదలెట్టే ముందు ఆ పరీక్ష చేయమంది. ఆ గుర్తు మన దేశంలోనూ కొందరికి ఉంది. గౌటు నొప్పికి ఇచ్చే అల్లోప్యూరినాల్‌కు ఇలాంటి గుర్తే ఇంకొకటి 2005లో దొరికింది. మన సంఘంలో అల్లోప్యూరినాల్ మింగేవాళ్ళు ఎందరో మాకు తెలుసు, పెళ్ళి భోజనాల దగ్గర పప్పు వద్దనేవాళ్ళను లెక్క పెడితే చాలు.

వైద్యం తప్పితే ఏమవుతుందో కోర్టు కూడా చెప్పింది. 1998లో అమెరికా నుంచి కలకత్తా వచ్చిన ఒక యువతికి ఒళ్ళు ఊడే ఈ జబ్బు వచ్చింది. స్టిరాయిడ్ సూది మోతాదుకు మించి ఇచ్చారు, ఆమె చనిపోయింది. భర్త డాక్టరు. పదిహేనేళ్ళు కోర్టుల్లో తిరిగాడు. 2013లో సుప్రీంకోర్టు 5.96 కోట్ల రూపాయలు, దాని మీద వడ్డీ ఇప్పించింది. వైద్యపు నిర్లక్ష్యానికి మన దేశంలో అప్పటిదాకా అంత పెద్ద తీర్పు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాశామంటే, ఈ ఏడాదే మన సభ్యుల ఇంట్లో ఒక కోడలుపిల్లకు మూర్ఛ మందు మార్చిన మూడో వారం జ్వరం వచ్చింది, కళ్ళు ఎర్రబడ్డాయి, పెదవులు పొక్కాయి. అత్తగారు అమ్మవారని వేపాకు కట్టారు. అమ్మాయి తమ్ముడు ఫార్మసీ చదువుతున్నాడు, వాడు వచ్చి చీటీ చూసి ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. చర్మం కొంత ఊడింది, కళ్ళు దక్కాయి. వాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు చెప్పింది, ఇక్కడ రాయం. అత్తగారిని ఎవరూ ఏమీ అనవద్దు. ఆవిడకు తెలిసింది ఆవిడ చేసింది.

వేపాకు కట్టండి, దండం పెట్టుకోండి, దానికి మేము అడ్డం కాదు. దాంతో పాటే కొత్త మాత్ర ఏదని అడగండి. ఇలాంటి జబ్బు ఎక్కువగా మందు మొదలెట్టిన రెండు నెలల లోపే వస్తుంది. జ్వరం, కళ్ళు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, చర్మం ముట్టుకుంటే నొప్పి, వీటిలో ఏవైనా దద్దుర్లతో కలిసి వస్తే ఆ మాత్ర ఇంకొకటి మింగకుండా, మాత్రల అట్ట చేతిలో పట్టుకుని అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. ఉత్త దురద అయితే క్షయ మందు, గుండె మందు మీరుగా ఆపొద్దు, ఇచ్చిన డాక్టరును అడగండి. పడని మందు పేరు ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులోనూ తమిళంలోనూ రాసి పర్సులో పెట్టుకోండి. కంపెనీ పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు పేరు. ఇలాంటివి నమోదు చేసుకోవడానికి 2010లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, ఘజియాబాద్ నుంచి నడుస్తోంది. రోగి అయినా, ఇంట్లోవాళ్ళయినా 1800-180-3024 నంబరుకు ఫోను చేసి చెప్పొచ్చు, డబ్బు పడదు.

చివరగా ఒక వేడుకోలు. చెట్‌పట్ కేంద్రం వాళ్ళు రోగులకు ఇచ్చిన పాత కార్డులు, తాంబరం, మదనపల్లె చీటీలు, రైల్వే సిక్ మెమోలు మీ నాయన, తాతల ట్రంకుపెట్టెల్లో ఉంటే పారేయకండి. పేరు కనిపించకుండా మూసి ఫోటో తీసి సంఘం కార్యదర్శికి పంపండి. ముఖ్యంగా 1960 నుంచి 1990 మధ్యవి, "టి ఆపడమైనది" అని రాసినవి ఉంటే అవి మాకు ముందు కావాలి.